పెరట్లో పెద్ద తాబేలు: చివరిదాకా చూసేదెవరు?



గేదె ఎన్ని ఈతలు ఈనుతుందో, ఎద్దు ఎన్నేళ్లు అరక లాగుతుందో మన పల్లెల్లో బడికి వెళ్లే పిల్లవాడిని అడిగినా చెబుతాడు. కుక్కను తెచ్చుకున్నవారు అది పది పన్నెండేళ్లు తోడుంటుందని తెలిసే తెచ్చుకుంటారు. ఏ పశువును పెంచినా మన కళ్లముందే అది పుట్టి, పెరిగి, ముసలిదై పోతుంది. ఈ లెక్కకు అందని జంతువు ఒకటి ఉన్నది. అది నేల మీద బతికే పెద్ద తాబేలు. తెచ్చుకున్నవారు పోయిన తరువాత కూడా అది యాభై ఏళ్లు బతకవచ్చు.

2024 మార్చిలో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఒక గాలపగోస్ తాబేలు చనిపోయింది. దాని వయసు 125 ఏళ్లని అక్కడి అధికారులు చెప్పారు. అంత కాలం దానికి మేత వేసిన చేతులు ఎన్ని మారి ఉంటాయో ఆలోచించండి. జూలో ఒకరు పోతే మరొకరు పనిలోకి వస్తారు కాబట్టి ఫరవాలేదు. మరి ఇంట్లో?

మేము ఇద్దరము చాలా ఏళ్లుగా అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్సు నగరంలో ఉంటున్నాము. ఇది ఎడారి ప్రాంతం. మన దగ్గర పెరట్లో కోళ్లు తిరిగినట్టు ఇక్కడ కొన్ని ఇళ్ల పెరళ్లలో తాబేళ్లు తిరుగుతాయి. చిన్నవి కావు. ఒక్కొక్కటి నిండు ధాన్యపు బస్తా అంత బరువు. వాటిని ముచ్చటపడి తెచ్చుకుని, తరువాత ఏం చేయాలో తోచక తిప్పలు పడే కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. మీ పిల్లలో, అన్నదమ్ముల పిల్లలో ఈ దేశంలో ఉండి ఉండవచ్చు. మనుమడు ఫోనులో ముద్దుగా తాబేలు పిల్లను చూపించవచ్చు. అప్పుడు మీరు చెప్పవలసిన నాలుగు మాటలు ఉన్నాయని ఈ వ్యాసం వ్రాస్తున్నాము. మన దేశంలో తాబేళ్ల విషయమై చట్టం ఏమంటుందో కూడా చివర చెబుతాము.

అరచేతిలో పట్టే పిల్ల

ఇక్కడి దుకాణాల్లో ఎక్కువగా అమ్మే తాబేలు పేరు సల్కాటా. దీని సొంత చోటు ఆఫ్రికా. సహారా ఎడారికి దక్షిణపు అంచున సెనెగల్, మాలి, చాద్, సూడాన్ దేశాల్లో ఇది బతుకుతుంది. గాలపగోస్ తాబేళ్లు, ఆల్డాబ్రా తాబేళ్లు సముద్రంలోని దీవులవి. వాటి తరువాత ప్రపంచంలో పెద్ద తాబేలు ఇదే. సొంత దేశాల్లో వీటి సంఖ్య బాగా పడిపోయింది. అడవిలో పట్టినవాటిని అమ్మకానికి ఎగుమతి చేయరాదని 2000వ సంవత్సరం నుండి అంతర్జాతీయ కట్టడి ఉన్నది. అదే సంవత్సరం, పశువులకు ప్రాణాంతకమైన జబ్బును మోసే ఆఫ్రికా పిడుదులు వీటి ఒంటిమీద వస్తున్నాయని అమెరికా ప్రభుత్వం దిగుమతి కూడా ఆపివేసింది. అయితే అప్పటికే ఇక్కడి పెరళ్లలో అవి లెక్కకు మించి పిల్లలు పెట్టి ఉన్నాయి. ఈనాడు ఇక్కడ అమ్మేవన్నీ ఈ దేశంలో పుట్టినవే. అక్కడ అరుదైన జంతువు ఇక్కడ ఎవరికీ వద్దనే జంతువు అయింది.

పిల్ల పుట్టినప్పుడు రెండంగుళాలు ఉంటుంది. అరచేతిలో పెట్టుకుంటే బిస్కెట్టంత. పిల్లలు చూస్తే వదలరు. ధర కూడా పెద్దదేమీ కాదు. కాని పదేళ్లు తిరిగేసరికి అది పదిహేను, ఇరవై కిలోలు దాటవచ్చు. పూర్తిగా ఎదిగిన మగది 45 కిలోలు దాటడం మామూలే. 90 కిలోలు దాటినవి కూడా ఉన్నాయి. మూతి ముందు, మెడ కింద నాగటి కర్రువంటి కొమ్ము పెరుగుతుంది. దానితో గోడపలకలను, తలుపులను పొడిచి తోస్తుంది. ముందుకాళ్లతో నేలను పదడుగుల వరకు తవ్వి బొరియ చేసుకుంటుంది. ఇంటి పునాది పక్కన ఆ పని మొదలుపెడితే ఇక చెప్పేదేమున్నది?

అప్పటికి దాన్ని అడిగి కొనిపించుకున్న పిల్లవాడు కాలేజీకి వెళ్లిపోయి ఉంటాడు. గడ్డి వేసేది తల్లి, చలికాలం రాత్రి దాని గదిలో వేడి దీపం వెలుగుతున్నదో లేదో లేచి చూసేది తండ్రి. వారికి అరవై ఏళ్లు వచ్చేసరికి దాన్ని ఎత్తే బలం ఉండదు. తాబేలుకు మాత్రం అది ఇంకా పడుచు వయసే.

ఇచ్చేవారు ఎక్కువ, పుచ్చుకునేవారు తక్కువ

ఇంటివారు పెంచలేక ఇచ్చివేసే తాబేళ్లను తీసుకునే సంస్థలు ఇక్కడ ఉన్నాయి. ఫీనిక్సులో సరీసృపాల శరణాలయం ఒకటి ఉన్నది. కాలిఫోర్నియాలో 1964 నుండి పనిచేస్తున్న తాబేళ్ల సంఘం ఉన్నది. అయితే ఇలాంటి చోట్ల ఎప్పుడూ ఖాళీ ఉండదు. అందులోనూ మగ సల్కాటాలను తీసుకునేవారు దొరకడం మరీ కష్టం. ఎందుకో కొంచెం తరువాత చెబుతాము.

ఈ ఎడారిలో సహజంగా బతికే తాబేలు వేరే ఉన్నది. దానిని ఎడారి తాబేలు అంటారు. సల్కాటా కంటే చాలా చిన్నది. చలికాలమంతా బొరియలో నిద్రపోతుంది. అడవిలో నుండి దీన్ని పట్టి తేవడం నేరం. మొహావీ ఎడారిలో బతికే జాతిని అమెరికా ప్రభుత్వం 1990లో ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. అయితే పూర్వం నుండి ఇళ్లలో ఉన్నవి, వాటికి పుట్టినవి వేలల్లో ఉన్నాయి. వాటిని అరిజోనా రాష్ట్ర వన్యప్రాణి శాఖ దత్తతకు ఇస్తుంది. ఇంట్లో మనిషికి ఒకటికి మించి ఉండరాదు. అమ్మరాదు, కొనరాదు. పిల్లలు చేయించరాదు. రాష్ట్రం దాటించరాదు. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లేవారు దాన్ని ఇక్కడే మరొకరికి అప్పగించి వెళ్లాలి.

పొరుగున ఉన్న నెవాడా రాష్ట్రంలో జరిగినది వినదగినది. లాస్ వేగాస్ పక్కన ఎడారి తాబేళ్ల సంరక్షణ కేంద్రం ఒకటి ఉండేది. ఇళ్లకు, రోడ్లకు నేల చదును చేసేటప్పుడు నిలువ నీడ పోయిన అడవి తాబేళ్లను కాపాడటానికి దానిని 1990లో పెట్టారు. రానురాను అక్కడికి ఇళ్లవారు వద్దనుకున్న పెంపుడు తాబేళ్లు ఏటా వెయ్యి వరకు రాసాగాయి. వాటిలో జబ్బువి చాలా. వాటిని ఎడారిలో వదలలేరు, ఎల్లకాలం సాకనూలేరు. డబ్బు చాలలేదు. 2014లో ఆ కేంద్రం మూతపడింది. అడవి తాబేళ్లకోసం పెట్టిన సొమ్ములో ఎంతో భాగం పెరటి తాబేళ్లకు అయిపోయింది. 2013 నుండి నెవాడాలో ఒక మనిషి కొత్తగా ఒక్క ఎడారి తాబేలును మించి తీసుకోరాదని నియమం చేశారు. పెరట్లో పిల్లలు చేయించడం ఎంత బరువుకు దారితీస్తుందో తెలిసి వచ్చిన తరువాత చేసిన నియమం అది.

మగదీ ఆడదీ ఒకే దొడ్లో

ఒక గంప కింద రెండు పుంజులను మూసేవారు మన ఊళ్లలో ఎవరూ ఉండరు. రెండు ఆంబోతులను ఒకే రాటకు కట్టేవారు కూడా ఉండరు. తాబేలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది నెమ్మది జంతువు, ఎవరి జోలికీ పోదు అనుకుంటాము. అది నిజం కాదు.

మగ సల్కాటాలు రెండు చిన్నప్పుడు ఒకే తొట్టిలో కలిసి పెరిగినా, వయసుకు రాగానే పోట్లాడుకుంటాయి. మెడ కింది కొమ్ముతో ఒకదాన్ని ఒకటి పొడిచి పైకెత్తి బోర్లవేస్తాయి. వెల్లకిలా పడిన పెద్ద తాబేలు తనంతట తాను తిరగలేకపోతే, ఎండ మండే రోజున కొద్దిసేపట్లోనే ప్రాణం పోతుంది. ఇంటివారు ఆఫీసు నుండి వచ్చేసరికి జరగవలసినది జరిగిపోయి ఉంటుంది. అందుచేత మగవాటిని ఒక దొడ్లో ఒక్కదానినే ఉంచాలి. మగవాటికి చోటు దొరకనిది ఇందుకే. శరణాలయంలో ఇరవై మగవి ఉంటే ఇరవై దొడ్లు కావాలి.

ఒక మగది, ఒక ఆడది ఉంటే బాగుంటుంది కదా అని చాలామంది అడుగుతారు. జంటగా ఉంటే ఒకదానికొకటి తోడు అని వారి ఉద్దేశం. నిజానికి ఆ ఏర్పాటే ఆడదానికి ఎక్కువ కష్టం. మగది వేళాపాళా లేక దాని వెంటబడుతుంది. కాళ్లు కొరుకుతుంది, చిప్పను గుద్దుతుంది, మీదికి ఎక్కుతుంది. అడవిలో అయితే ఆడది మైళ్లదూరం తప్పుకుని పోగలదు. గోడలున్న దొడ్లో ఎక్కడికి పోతుంది? మేత దగ్గరకు రాదు, మూలన నక్కి ఉంటుంది. రోజురోజుకు చిక్కిపోతుంది. వెనుక వైపు చిప్ప అంచులు అరిగి పుండ్లు పడతాయి.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. భర్త పోయారు. ఆయన పెంచిన సల్కాటాలు రెండు, మగదీ ఆడదీ, పన్నెండేళ్లుగా ఒకే దొడ్లో ఉన్నాయి. ఆవిడ వృద్ధుల గృహంలో చేరవలసి వచ్చింది. రెండింటినీ ఒకే ఇంటివారు తీసుకోవాలి, విడదీయకూడదు అని ఆవిడ పట్టు. మేము ఆ పనిలో చేయి వేశాము. నెల తిరిగినా అలా తీసుకునేవారు దొరకలేదు. చివరకు శరణాలయం తరఫున స్వచ్ఛందంగా పనిచేసే ఒకామె వచ్చి రెండింటినీ తూచి చూశారు. మగది 41 కిలోలు, నిగనిగలాడుతూ ఉన్నది. ఆడది వయసుకు తగిన బరువు లేదు. వెనుక చిప్ప అంచు అరిగిపోయి పచ్చిగా ఉన్నది. దాన్ని పెద్దావిడకు చూపించారు.

"యాభై ఏళ్లు కాపురం చేసినదాన్ని నేను. ముసలితనంలో వాటిని విడదీయమంటారా?" అని ఆవిడ కంటనీరు పెట్టుకున్నారు.

వచ్చినామె వాదించలేదు. "అమ్మా, ఇవి మీలాగ కాపురం చేస్తున్నవి కావు. ఇది పన్నెండేళ్లుగా పారిపోవాలని చూస్తున్నది, దారి లేదు. అంతే" అన్నారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆడదాని చిప్ప మీద చేయి వేసి, "ఇన్నాళ్లూ సిగ్గరిది అనుకున్నాము" అన్నారు.

మగదాన్ని ఊరి బయట పొలం ఉన్న ఒక కుటుంబం తీసుకున్నది. ఆడదాన్ని వేరొక ఇంటివారు తీసుకుని కొన్ని నెలలు విడిగా ఉంచారు. పుండ్లు మానాయి. ఆరు వారాలకు అది పట్టపగలు దొడ్డి నడుమకు వచ్చి గడ్డి మేస్తున్న ఫోటో పంపారు. ఆ ఫోటో ఆవిడ మంచం పక్కన గోడకు అతికించుకున్నారు.

తాబేలుకు తోడు కావాలన్నది మన ఆలోచన. అది మందలో బతికే జంతువు కాదు. ఒంటరిగా ఉన్నందువల్ల దానికి ఏ లోటూ లేదు. ఆడవి రెండు మూడు కలిసి ఉండగలవు గాని, వాటిలో కూడా ఒకటి మరొకదాన్ని తరుముతున్నదేమో చూసుకుంటూ ఉండాలి. వేర్వేరు జాతులను కలిపి ఉంచనేకూడదు. ఒక జాతికి ఏ హానీ చేయని క్రిమి మరొక జాతికి జబ్బు తేవచ్చు.

మగదో ఆడదో చిన్నప్పుడు తెలియదు. చిప్ప పొడవు అడుగు దాటాకే గుర్తులు బాగా కనిపిస్తాయి. మగదాని పొట్ట కింది చిప్ప లోపలికి గుంటపడి ఉంటుంది, తోక పొడవుగా, లావుగా ఉంటుంది. ఆడదాని పొట్ట చదును, తోక పొట్టి. అందుచేత రెండు పిల్లలను కొన్నవారు తమకు ఒక జత దొరికిందో, పోట్లాడే రెండు మగవి దొరికాయో పదేళ్ల వరకు చెప్పలేరు. ఒక్కదానితో ఆపుకోవడమే మేలు.

గుడ్ల సంగతి

ఆడ సల్కాటా ఒక విడతకు పదిహేను నుండి ముప్ఫై గుడ్లు పెడుతుంది. సంవత్సరంలో ఒకటికంటే ఎక్కువ విడతలు పెట్టగలదు. విడతకు ఇరవై చొప్పున ఏటికి రెండు విడతలే అనుకున్నా నలభై గుడ్లు. వాటిలో సగమే పిల్లలైనా ఇరవై. ఆ ఇరవైలో ఒక్కొక్కటీ మళ్లీ బస్తా బరువు పెరిగి, డెబ్బై ఏళ్లో ఆపైనో బతికేదే. ఇరవై ఇళ్లు ఏటేటా ఎక్కడ దొరుకుతాయి?

ఇక్కడ తెలుసుకోవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది: మగదాన్ని వేరు చేసిన వెంటనే పని అయిపోదు. ఒకసారి కలిసిన తరువాత ఆడ తాబేలు కొన్ని సంవత్సరాలపాటు పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. రెండవది: మగది లేకున్నా ఆడది గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టడానికి దానికి లోతైన మెత్తని మట్టి కావాలి. అది దొరకకపోతే గుడ్లు కడుపులోనే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ఆడదాన్ని పెంచేవారు ఎండ తగిలే చోట మట్టి నేలను వదలాలి. అది వెనుక కాళ్లతో గొయ్యి తీస్తూ, మేత మానేసి తిరుగుతూ ఉంటే గుడ్ల కాలమని తెలుసుకోవాలి. పెట్టిన వెంటనే, లోపల పిండం ఎదగకముందే, గుడ్లు తీసి ఫ్రీజరులో పెట్టమని తాబేళ్లను ఆదుకునేవారు చెబుతారు. వినడానికి కటువుగా ఉన్నా, పుట్టినదానికి చోటు చూపలేనప్పుడు పుట్టించకపోవడమే దయ. గుడ్లు పెట్టాలని చూస్తూ పెట్టలేకపోతే ఆలస్యం చేయక తాబేళ్ల సంగతి తెలిసిన పశువైద్యునికి చూపించాలి.

దొడ్డి ఎలా ఉండాలి?

గోడ రెండడుగుల ఎత్తు, భూమి లోపలికి ఒక అడుగు లోతు ఉండాలి. అవతల కనిపించే కంచె పనికిరాదు. అవతల ఏమి ఉన్నదో కనిపిస్తే దానిలోనుండి వెళ్లాలని రోజంతా తోస్తూనే ఉంటుంది. సిమెంటు ఇటుకల గోడ మంచిది. పక్క దొడ్లో మరొక మగది ఉంటే రెండింటికీ ఒకటి మరొకదానికి కనబడకుండా ఉండాలి.

చిప్పకు రంధ్రం చేసి తాడు కట్టడం కొందరు చేసే పని. అది ఎంతమాత్రం తగదు. చిప్ప అనేది మనం తొడుక్కునే చొక్కా వంటిది కాదు. అది ఎముక. దానిలో రక్తం పారుతుంది, నొప్పి తెలుస్తుంది.

సల్కాటా చలికాలంలో నిద్రపోయే జాతి కాదు. రాత్రి చలి పదిహేను డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగే రోజుల్లో దానికి వెచ్చని గది కావాలి. ఎండాకాలంలో నీడ కావాలి. ఈత తొట్టి ఉన్న పెరట్లో దానికి అడ్డు కట్టాలి. నేల తాబేలుకు ఈత రాదు. కుక్కలకు దూరంగా ఉంచాలి. ఎంత మంచి కుక్క అయినా తాబేలును ఎముక అనుకుని కొరికిన సందర్భాలు ఉన్నాయి.

మేత విషయం మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. దాని కడుపు పశువు కడుపు వంటిదే, గడ్డితో నడుస్తుంది. నూటికి ఎనభై, తొంభై పాళ్లు గడ్డి, ఎండుగడ్డి ఉండాలి. ఇక్కడి పచ్చికల్లో పెంచే గడ్డి మన గరికే. నాగజెముడు ఆకులు, మందార ఆకులు, మల్బరీ ఆకులు ఇష్టంగా తింటుంది. పండ్లు, అన్నం, రొట్టె, కుక్కల మేత పెట్టరాదు. తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు కాబట్టి ముట్టుకున్న తరువాత పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించాలి. చంటిబిడ్డలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. ఈ కారణంగానే నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్లను పెంపకానికి అమ్మరాదని అమెరికాలో 1975 నుండి నియమం ఉన్నది. అయినా అమ్మకాలు పూర్తిగా ఆగలేదు.

వేరే ఇంటికి ఇవ్వవలసి వస్తే

ఇవ్వవలసి రావడం సిగ్గుపడవలసిన విషయం కాదు. జబ్బులు వస్తాయి, ఉద్యోగాలు మారతాయి, వయసు మీద పడుతుంది. ఎలా ఇస్తామన్నదే ముఖ్యం. చేయవలసినవి ఇవి.

మొదట, ఎన్నడూ బయట వదలరాదు. ఎడారిలో వదిలితే దాని బతుకు అది బతుకుతుందని కొందరు అనుకుంటారు. సల్కాటా ఈ చలికి తట్టుకోలేదు. ఎడారి తాబేలును వదిలినా మంచిది కాదు. పెంపుడు తాబేళ్లలో మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల ముక్కు కారే శ్వాస జబ్బు ఉంటుంది. అది అడవి తాబేళ్లకు అంటుకుంటే గుంపులే నశిస్తాయి. ఇలా వదలడం చట్టరీత్యా కూడా నేరం.

రెండవది, జాతి ఏదో తెలుసుకోవాలి. ఎడారి తాబేలు అయితే రాష్ట్ర వన్యప్రాణి శాఖ ద్వారానే ఇవ్వాలి. సల్కాటా అయితే శరణాలయాలను, తాబేళ్ల సంఘాలను అడగాలి. వెంటనే చోటు దొరకదు. కాబట్టి ఇల్లు ఖాళీ చేసే వారంలో కాక, కొన్ని నెలల ముందే మొదలుపెట్టాలి.

మూడవది, ఒక కాగితం మీద అన్నీ వ్రాయాలి. మగదా ఆడదా, బరువెంత, వయసెంత, ఏమి తింటుంది, ఏ జబ్బులు చేశాయి, మగదానితో కలిసి ఉన్నదా, గుడ్లు ఎప్పుడు పెట్టింది. పోట్లాడే మగదైతే ఆ మాట దాచరాదు. దాచి ఇస్తే అక్కడ ఉన్న మరొక జంతువు ప్రాణం పోవచ్చు.

నాలుగవది, తీసుకునేవారి దొడ్డి చూడకుండా ఇవ్వరాదు. గోడ ఉన్నదా, వెచ్చని గది ఉన్నదా, అక్కడ మరొక మగది ఉన్నదా అని చూడాలి. పిల్లను పెళ్లి చేసి పంపేటప్పుడు ఆ ఇల్లు చూసి వస్తాము కదా! ఉచితం అని చెప్పగానే బండి వేసుకుని వచ్చేవారందరూ పెంచుకోవడానికే రారు. కొనేటప్పుడు మనం చూసినట్టే, ఇచ్చేటప్పుడు కూడా చూడాలి.

ఐదవది, తీసుకున్నవారు కొత్త తాబేలును వెంటనే మిగతావాటితో కలపరాదు. కొన్ని నెలలు వేరుగా ఉంచి, జబ్బేదీ లేదని పశువైద్యుడు చూసిన తరువాతే కలపాలి.

ఆరవది, వీలునామా. ఇక్కడ అనుభవం ఉన్నవారు తాబేలు పేరు కూడా వీలునామాలో వ్రాస్తారు. తమ తరువాత ఎవరు తీసుకుంటారో వారిని ముందే అడిగి, ఒప్పించి, మేతకు కొంత సొమ్ము కేటాయించి ఉంచుతారు. పొలం గట్లు ఎవరివో వ్రాసే మనకు ఇది వింతగా తోచవచ్చు. ఇంట్లో తాబేలు ఉన్నవారికి మాత్రం ఇది తప్పనిసరి.

మన దేశంలో సంగతి

మన చిత్తూరు, అనంతపురం ప్రాంతాల పొదలు, బీడుల్లో నక్షత్ర తాబేలు తిరుగుతుంది. నల్లని చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. ఆ అందమే దానికి శత్రువు అయింది. ఇంట్లో ఉంటే కలిసివస్తుందని, డబ్బు నిలుస్తుందని చెప్పి దొంగచాటుగా అమ్ముతారు. అది వట్టి మూఢనమ్మకం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. 2019లో దేశాల మధ్య దీని వ్యాపారాన్ని కూడా పూర్తిగా నిషేధించారు. పొలంలో కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వండి. ఎవరైనా మీ ఇంట్లో వదిలిపోతే అటవీశాఖవారికి అప్పగించండి. మీరే తీసుకుపోయి తెలియని అడవిలో వదలకండి. అది ఏ ప్రాంతపు తాబేలో, ఏ జబ్బు ఉన్నదో మనకు తెలియదు.

సల్కాటా వంటి విదేశీ తాబేళ్లు ఇప్పుడు మన నగరాల్లో కూడా అమ్ముతున్నారు. 2024లో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. అంతర్జాతీయ ఒప్పందం పట్టికల్లో ఉన్న విదేశీ జంతువులను ఇంట్లో పెంచేవారు పరివేష్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, మరొకరికి ఇచ్చినా తెలియజేయాలి. కాబట్టి హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో మీ బంధువుల ఇంట్లో అలాంటి తాబేలు ఉంటే ముందు ఈ సంగతి చెప్పండి. ఎవరికైనా ఇచ్చివేయాలనుకుంటే కాగితాలతో సహా ఇవ్వాలని చెప్పండి. ఇంటి పక్క చెరువులో మాత్రం వేయవద్దని గట్టిగా చెప్పండి. నేల తాబేలు చెరువులో మునిగి చస్తుంది. వదిలితే పుణ్యం వస్తుందని వేసేవారు నిజానికి దాని ప్రాణం తీస్తున్నారు.

తెచ్చుకోకముందు

తాబేలు కావాలని ఇంట్లో పిల్లలు అడిగితే కసిరి పంపకండి. కూర్చోబెట్టి ఒక కాగితం ఇవ్వండి. ఇప్పుడు నీ వయసు పది. తాబేలు వయసు యాభై అయినప్పుడు నీ వయసు ఎంత? అప్పుడు నీవు ఎక్కడ ఉంటావు? నలభై కిలోల జంతువుకు ఎంత చోటు కావాలి? నీ తరువాత ఎవరికి ఇస్తావు? ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాయమనండి. పెద్దవారు కూడా అదే కాగితం మీద తమ జవాబులు వ్రాయాలి. చాలా ఇళ్లలో ఆ కాగితం నిండదు. నిండకపోతే దుకాణానికి వెళ్లవద్దు.

ఒకవేళ నిండితే, అప్పుడు కూడా కొత్త పిల్లను కొనవద్దు. చోటు కోసం ఎదురుచూస్తున్న పెద్ద తాబేళ్లు శరణాలయాల్లో ఎన్నో ఉన్నాయి. ఒక మంచి గోడ, వెచ్చని గది, గరిక పెరిగే నేల ఉన్నవారు ఒక మగ సల్కాటాను, ఒక్కదాన్నే, తీసుకుంటే ఇంకొక దొడ్డి ఖాళీ అవుతుంది. ఈ వేసవిలో మీ పిల్లలు అక్కడి నుండి ఫోను చేసినప్పుడు ఈ మాట వారితో తప్పక చెప్పండి.